వెనకద్దంలోంచి వాన

కొత్త పికప్ బండి కొన్న రెండో వారంలో, దేవరాపల్లి నుంచి బెల్లం వేసుకుని వస్తుంటే నా వీపు తడిసింది. బయట వాన పడుతోంది. పక్కద్దాలు రెండూ పైకెత్తే ఉన్నాయి. లోపల ఉక్కగా ఉంది కదా, చెమటేమో అనుకున్నాను. చెయ్యి వెనక్కి పోనిచ్చి చూస్తే చల్లగా తగిలింది. చెమట అంత చల్లగా ఉండదు.

అనకాపల్లి బెల్లం యార్డులో దిమ్మలు దింపించాక సీటు ముందుకు మడిచి చూశాను. వెనకద్దం చుట్టూ ఉన్న నల్ల రబ్బరు కింది అంచు నుంచి సన్నగా నీరు దిగుతోంది. సీటు వెనక ఇరికించిన గోనెసంచులు, జాకీ, బండి కాగితాల కవరు అన్నీ తడిసి ముద్దయ్యాయి. కవరు మీద దసరాకి పెట్టిన కుంకుమ బొట్టు కరిగి కిందిదాకా కారింది. ఇంకా నంబరు పలకకి కట్టిన పూలదండ కూడా తీయలేదు, అప్పుడే కారడం మొదలెట్టింది నా బండి.

ఎవరికైనా ఇది చికాకే. నాకు మాత్రం చికాకు కన్నా భయం ఎక్కువ వేసింది. ఎందుకో చెప్పాలంటే కిందటేడు సంగతి చెప్పాలి.

నాది బెల్లం పని. గొలుగొండ, నాతవరం, దేవరాపల్లి వైపు రైతులు వండిన బెల్లాన్ని గానుగల దగ్గరే కొని యార్డుకు తోలుకొస్తాను. మా నాన్న ఇదే వ్యాపారం కొట్లో పరుపు మీద కూర్చుని చేసేవాడు. నాకా కూర్చోవడం చేతకాదు. కొట్లో గంట కూర్చున్నానంటే కనపడినవాడితోనల్లా తగువు పెట్టుకుంటాను. అదే స్టీరింగు పట్టుకుంటే నేను చాలా మంచివాణ్ణి. చెరుకు తోటల మధ్య పొద్దున్నే పోతుంటే, ఎక్కడో పెనంలో పాకం ఉడికే వాసన గాలిలో వస్తే, ఆ పూటకి నాకు ఇంకేమీ అక్కర్లేదు. అందుకే డ్రైవరు మానేసినా ఇంకొకణ్ణి పెట్టుకోలేదు.

కిందటేడు కార్తీక మాసంలో నాతవరం దారిలో వాన పడుతుంటే, సరుకు మీద కప్పిన బరకం లేచిపోతోందని పాత బండి రోడ్డు పక్కన ఆపాను. దిగి పక్కన నిలబడి తాడు బిగిస్తున్నాను. వెనక నుంచి వచ్చిన లారీ బండిని గుద్దింది. బండి నన్ను కాలవలోకి తోసింది. మెడ కింది ఎముక విరిగింది. బండి పాత ఇనుముకి పోయింది. మూడు నెలలు కుడిచెయ్యి మెడకు వేలాడదీసుకుని ఇంట్లో కూర్చున్నాను. అన్నం కలిపి నోట్లో పెట్టడం, చొక్కా బొత్తాలు పెట్టడం, తల దువ్వడం అన్నీ మా ఆవిడే చేసింది. ఆ మూడు నెలల్లో నన్ను ఒక్కమాట అనలేదు. తిడితే బాగుండునని నాకే అనిపించేది.

కొత్త బండి కొంటానని చెప్పినప్పుడు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడోనాడు కంచం ముందు పెడుతూ అంది:

"కొనుక్కోండి. ఆపమంటే ఆగే మనిషి కాదు మీరు. కానీ ఈ బండితో ఏ సిన్న తేడా వచ్చినా ఆ రోజుతో ఆపీయాలి. కొట్లో కూకోవాలి. అప్పుడు ఏటి, ఎందుకు అని నన్నడక్కూడదు."

అలాగేనని మాటిచ్చాను. కొత్త బండికి తేడా ఏమిటొస్తుందిలే అనుకున్నాను. ఇప్పుడు చూస్తే రెండు వారాలు తిరక్కుండానే తేడా నా వీపు మీదికి దిగింది.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళేసరికి చొక్కా ఇంకా ఆరలేదు. మా ఆవిడ వాకిట్లోనే చూసింది.

"ఈపంతా తడిసిందేటండీ?"

"సెమట."

"వానలో సెమటేటి?"

"ఇంజిను వేడి. నీకు తెలీదులే."

ఆవిడ తువ్వాలు తెచ్చి నా వీపు తుడిచింది. నమ్మిందిలే అని నేను కుదుటపడ్డాను.

మర్నాడే బండిని షోరూముకు తీసుకెళ్ళాను. అక్కడి సూపర్‌వైజరు నెమ్మదైన మనిషి. "కొత్త బళ్ళకి ఒక్కోసారి రబ్బరు సరిగ్గా కూకోదండి. సేసేత్తాం సార్," అన్నాడు. అద్దం విప్పారు, శుభ్రం చేశారు, చుట్టూ కొత్త గమ్ము పట్టించి మళ్ళీ బిగించారు. నా కళ్ళముందే పైపుతో చాలాసేపు నీళ్ళు కొట్టారు. లోపల చుక్క లేదు. సంతోషంగా తోలుకొచ్చాను. మధ్యలో గొలుగొండ వెళ్ళినప్పుడు వాన పడితే చెయ్యి వెనక్కి పెట్టి చూసుకున్నాను, సీటు పొడిగా ఉంది. వెనక్కి తిరిగి అద్దాన్ని శభాష్ అని తట్టాను కూడా.

తర్వాత వానకు మళ్ళీ వీపు తడిసింది.

రెండోసారి వెళ్ళినప్పుడు నా నోరు కాస్త లేచింది. "బండమ్మేరా, జల్లెడమ్మేరా?" అన్నాను. సూపర్‌వైజరు నవ్వి ఊరుకున్నాడు. ఈసారి పాత రబ్బరు పూర్తిగా తీసేసి కొత్తది వేశారు. మళ్ళీ పైపు, మళ్ళీ పొడి. నాలుగు రోజులు బాగానే ఉంది. అయిదో రోజున సీటు వెనక నీరు నిలిచింది.

ఈలోగా ఇంట్లో తెలియకుండా నేను పడ్డ పాట్లు ఇన్నీ అన్నీ కావు. తడిసిన సీటు ఊడదీసి యార్డులో ఒక స్నేహితుడి కొట్టు మెట్ల మీద ఎండబెట్టేవాణ్ణి. "మీ వదినకు సెప్పకురా తమ్ముడూ," అని అతని చెయ్యి పట్టుకున్నాను. సీటు స్పాంజి ముక్కిన వాసన వేస్తుంటే డాష్‌బోర్డులో, సీటు కింద కర్పూరం బిళ్ళలు వేశాను. ఇంటికొచ్చేటప్పుడు పొడి చొక్కా మార్చుకుందామని ఒకటి బండిలో పెట్టుకున్నాను. అది కూడా తడిసింది. మా ఆవిడ మళ్ళీ అడిగింది, నేను మళ్ళీ చెమటన్నాను. అబద్ధం ఒకసారి ఆడితే కష్టం గానీ రెండోసారికి అలవాటైపోతుంది.

ఆవిడ మాత్రం బండిని ముద్దుగా చూసుకుంటోంది. మంగళవారం, శనివారం పొద్దున్నే లేచి, నేను కాఫీ తాగేలోపు తడిగుడ్డ పట్టుకెళ్ళి లోపలంతా తుడిచొచ్చేది. ఎందుకే నీకు శ్రమ అంటే, "కొత్త బండి కదా, ఉండనీండి," అనేది. వద్దు వద్దన్న మనిషికి బండి మీద ఇష్టం కలిగిందని నేను మురిసిపోయాను.

మూడోసారి షోరూములో నేను అరిచిన అరుపులకి కాఫీ తాగుతున్న కొనుగోలుదారులు లేచి నిలబడ్డారు. చేతగాని పని, చేతగాని మనుషులు అన్నాను. ఇంకా ఏవేవో అన్నాను, ఇక్కడ రాయను. సూపర్‌వైజరు మొహం ఎర్రబడింది గానీ గొంతు పెంచలేదు.

"మేం ఇచ్చిన రోజు కారలేదండి. తరవాత వానకీ కారలేదని మీరే అన్నారు. ఇంటి కాడ ఏటవుతుందో మాకెలా తెలుత్తాది సార్?"

"ఇంటి కాడ ఏటవుతుందయ్యా? నేనే కన్నాలు పెట్టుకుంటన్నానా?" అని తాళం లాక్కుని బయటికొచ్చేశాను.

నేరుగా రైల్వే స్టేషను వైపు ఉన్న అద్దాల మేస్త్రి దగ్గరికి పోయాను. బస్సులకీ లారీలకీ అద్దాలు బిగించి బిగించి తల నెరిసిన మనిషి. మాకు చుట్టరికం లేదు, అయినా ఎప్పట్నుంచో బావ అనే పిలుస్తాడు. సంగతంతా విని బీడీ ఆర్పేశాడు.

"నీరు దొంగ బావా. పైపెట్టి కొడితే దొరకదు. దొంగ అడుగు సూడాలంటే నేల మీద పొడి జల్లాల."

లోపలికెళ్ళి ముగ్గుపిండి డబ్బా తెచ్చాడు. సీటు మడిచి, వెనకద్దం కింద రబ్బరు పొడవునా లోపలి వైపు పొడి ముగ్గుపిండి దట్టంగా అద్దాడు. నన్ను లోపల కూర్చోబెట్టి కదలకుండా చూస్తుండమన్నాడు. తను వెనక తొట్టిలోకి ఎక్కి, చెంబుతో నీళ్ళు తీసుకుని అద్దం పై అంచు నుంచి నెమ్మదిగా వదలడం మొదలెట్టాడు. ఒక చెంబు, రెండు చెంబులు. ముగ్గు తెల్లగానే ఉంది. నాకు మెడ పట్టేసింది. అయిదో చెంబో ఆరో చెంబో అవుతుండగా ఎడమ మూల ముగ్గులో గోరంత మచ్చ పడింది. చూస్తుండగానే అది గీతై కిందికి జారింది.

కేకేశాను. మేస్త్రి దిగి లోపలికొచ్చి, కళ్ళజోడు పెట్టుకుని, చిన్న స్క్రూడ్రైవరు మొనతో ఆ మూల రబ్బరు పెదవి ఎత్తాడు. రెండు వేళ్ళతో ఏదో పట్టుకుని లాగాడు. నల్ల దారం వచ్చింది. ఇంకా లాగితే దాని వెనక ఇంకొకటి, దాని వెనక మూడోది. ఒక కొస సీటు వెనక చీకటి మూలనున్న బోల్టుకి కట్టి ఉంది. రెండో కొస రబ్బరు కిందనుంచి బయటికి అంగుళం మేర పోయింది. నానిపోయిన దారాలకి పసుపు ఇంకా అంటుకునే ఉంది.

"ఓర్నీ," అని మేస్త్రి నవ్వాడు. "నీ బండికి ఎవులో వత్తేసేరు బావా. దీపం వత్తి నూని పీల్చినట్టు ఇది వాన పీలుత్తాంది. అద్దం మంచిదే, రబ్బరు మంచిదే." తర్వాత గొంతు తగ్గించి అడిగాడు, "యార్డులో నువ్వంటే గిట్టనోళ్ళెవులైనా ఉన్నారేటి?"

నాకు గిట్టనివాళ్ళు చాలామందే ఉన్నారు. కానీ ఆ దారానికి వేసిన ముడి చూడగానే నాకు తెలిసిపోయింది. ఒకసారి తిప్పి, కొసని మళ్ళీ వెనక్కి దోపి వేసే ముడి. నా చెయ్యి వేలాడిన మూడు నెలలూ మెడ వెనక గుడ్డకి రోజూ అదే ముడి పడేది. మేస్త్రికి మాత్రం ఏమీ చెప్పలేదు.

దసరాకి అమ్మవారి గుడి ముందు బండి పూజ చేయించిన రోజు గుర్తొచ్చింది. టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించేసరికే నాకు విసుగొచ్చింది. అంతలో మా ఆవిడ ఇంటినుంచి కట్టుకొచ్చిన నిమ్మకాయ, మిరపకాయల గుత్తి, నల్లతాడు తీసి బంపరుకి కట్టబోయింది. యార్డువాళ్ళంతా అక్కడే ఉన్నారు. పదిమందిలో నా తెలివి చూపించుకోవాలి కదా. "ఇది బండే, బజ్జీల కొట్టు కాదు. మిరపకాయలు బ్రేకులేత్తాయా?" అన్నాను. అందరూ పగలబడి నవ్వారు. ఆవిడా నవ్వింది. గుత్తిని పైటకొంగులో చుట్టుకుని పక్కకు జరిగింది. ఆ నవ్వు నేను నిజమనుకున్నాను.

నోరా వీపుకు చేటు తేకే అంటారు. ఈ సామెత ఇంత అక్షరాలా ఇంకెవరికీ జరిగి ఉండదు.

మేస్త్రి రబ్బరు సర్ది, ఆ మూల కాస్త గమ్ము పెట్టి, మళ్ళీ చెంబుతో నీళ్ళు పోశాడు. ముగ్గు చెదరలేదు. అక్కణ్ణుంచే సూపర్‌వైజరుకి ఫోను చేసి తప్పంతా మా ఇంటిదేనని చెప్పాను, క్షమించమని అడిగాను. ఆయన, "అద్దం ఇప్పినప్పుడల్లా ఆ దారం దొరికేదండి. దిష్టి తాడని మాకూ తెలుసు. సెప్తే అమ్మోరి తాడు తీసేసేరని ఇంకా అరుత్తారేమో అని మాటాడకుండా తీసి పడీసేవోళ్ళం," అన్నాడు. నన్ను చూస్తే మనుషులకి నిజం చెప్పబుద్ధి కాదన్నమాట. ఆ మాట నన్ను ఇంటిదాకా వదల్లేదు.

ఇంటికెళ్ళేసరికి మధ్యాహ్నం దాటింది. మా ఆవిడ వసారాలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. తడి దారాలు మూడూ ఆవిడ ముందు చాప మీద పెట్టాను. చూసింది. చేతిలో గింజ జారిపడింది.

"మళ్ళీ తీసేసేరా?" అంది.

మళ్ళీ అన్న మాటతో నాకు మిగతా కథంతా అర్థమైంది. ఇన్నాళ్ళూ శనివారాలూ మంగళవారాలూ ఆవిడ తుడవడానికి వెళ్ళింది తాడుందో లేదో చూసుకోవడానికి. షోరూమువాళ్ళు తీసేసిన ప్రతిసారీ తలపిన్నుతో రబ్బరెత్తి మళ్ళీ పెట్టింది. నా కళ్ళపడితే ఎగతాళి చేస్తానని ముందు కట్టకుండా వెనక, అదీ లోపలినుంచి దాచిపెట్టింది.

నేను ఎదురుగా నేల మీద కూర్చుని మొదటినుంచీ చెప్పాను. అద్దం కారడం, షోరూము, యార్డు మెట్ల మీద సీటు ఎండబెట్టడం. "తేడా వచ్చింది. రెండో వారవే వచ్చింది. నీకు సెప్తే తోలనివ్వవని దాచేను," అన్నాను.

ఆవిడ నా మొహంలోకే చూస్తోంది. "నీరా? అద్దంలోంచి నీరు కారిందా?"

"ఆఁ."

"మరి సెమటన్నారు?"

"అబద్దం."

"సెమట కాదా?" అని మళ్ళీ అడిగింది. "ఇంత సలిలో వానలో సెమట పడతందంటే ఆ లారీ ఇంకా మీ యెనకాలే వత్తందనుకున్నాను. మీ సొక్కా కర్పూరం వాసనేసింది. దిష్టి లేదు గిష్టి లేదు అనే మనిషి బండిలో కర్పూరం యెలిగించుకుంటన్నాడంటే ఎంత బయపడతన్నాడో అనుకున్నాను. అడిగితే సెప్పరు. అందుకని ఒక తాడు సాలదని ఇంకోటి, ఇంకోటి కట్టేను."

నాకు నవ్వొచ్చింది. నా బిడ్డని నేనే చంకలో పెట్టుకుని ఊరంతా వెతికినట్టుంది ఈ వ్యవహారం అని చెప్పబోయాను. నవ్వు సగంలోనే ఆగిపోయింది. ఎందుకంటే ఆవిడ అనుకున్నదాంట్లో అబద్ధమేమీ లేదు. వెనక లారీ హారను వినపడితే ఇప్పటికీ నా భుజాలు బిగుసుకుంటాయి. సరుకు మీద బరకం లేచిపోతున్నా సరే, వానలో రోడ్డు పక్కన బండి ఆపలేను. ఏడాదిగా ఈ మాట ఎవరితోనూ అనలేదు, నాతో నేను కూడా అనుకోలేదు.

ఆ మాట ఆవిడతో అన్నాను. భయమేస్తుందని చెప్పడానికి ఈ వయసులో నాకు చాలాసేపు పట్టింది. ఆవిడ చింతపండు పళ్ళెం పక్కకి జరిపి నా చెయ్యి మీద చెయ్యేసింది.

"మాటిచ్చేను కదా," అన్నాను చివరికి. "రేపట్నుంచి కొట్లో కూకుంటాను."

ఆవిడ నా చెయ్యి వదిలింది. లేచి లోపలికి వెళ్ళిపోయింది. లోపల బీరువా తలుపు చప్పుడైంది. నేను చాప మీదే కూర్చుని వాకిట్లో ఉన్న బండిని చూస్తున్నాను. దాన్ని ఎవరికి అమ్మాలా అని ఆలోచిస్తున్నాను. మనసుకి చాలా కష్టంగా ఉంది, ఉన్నమాట చెప్పాలంటే ఏడుపొచ్చింది.

కాసేపటికి ఆవిడ చీర మార్చుకుని, గొడుగు పట్టుకుని బయటికొచ్చింది.

"ఎక్కడికే?"

"దేవరాపల్లిలో సరుకుందని పొద్దున్న ఎవులో ఫోను సేసేరు కదా. లెగండి."

"నువ్వెందుకు?"

"ముందర మీరు సూసుకుంటారు. యెనకాలెవులు సూత్తారనే కదా ఆ తాడు కట్టింది. ఇప్పుడు తాడు కడితే నీరు దిగుతాదంటన్నారు. మరి నేను రాకపోతే ఎలాగ?"

నాకు దెబ్బ తగిలిన దగ్గర్నుంచి ఆవిడ ఏ బండీ ఎక్కలేదు. పుట్టింటికి కూడా వెళ్ళలేదు. మెట్టు ఎత్తుగా ఉందని విసుక్కుంటూ, తలుపు పట్టుకుని పైకెక్కి, చీర సర్దుకుని కూర్చుంది. సీటు కాస్త చెమ్మగానే ఉందని అంది. అవునన్నాను.

ఊరు దాటేసరికి మళ్ళీ వాన అందుకుంది. రోడ్డుకి రెండు వైపులా చెరుకు వంగిపోయింది. వైపరు తిరుగుతోంది. కొంత దూరం పోయాక వెనక నుంచి లారీ హారను గట్టిగా మోగింది. నా రెండు చేతులూ స్టీరింగు మీద బిగుసుకుపోయాయి. నా పక్క సీటు చప్పుడైంది. ఆవిడ మోకాలు సీటు మీద పెట్టి, పూర్తిగా వెనక్కి తిరిగి, అద్దంలోంచి చూస్తోంది.

"దూరంగానే ఉంది. లైటేసేడు. దారడుగుతన్నాడంతే," అంది. "పక్కకి తియ్యకండి ఇప్పుడే. నేను సెప్తాను."

నేను ముందుకి చూస్తూ తోలాను.

"ఇప్పుడియ్యండి," అంది.